లోపల ఉన్నోళ్ల పేరు బయట పలికినోళ్ల ముచ్చట



పోయినసారి బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసిన మన తాతల ముచ్చట రాస్తే చానామంది చదివి ఫోన్లు చేశారు. ఈసారి ముచ్చట ఆఫ్రికాది, కెన్యా దేశానిది. మనకేం సంబంధం అనుకోవద్దు, ఉంది. పోస్టు పొడుగు ఉంటది. సెలవు రోజు చాయ్ పెట్టుకుని తీరికగా చదవండి.

"మేము, మేము అని రాస్తరు, ఇంతకీ ఎవరు మీరు?" అని కొత్తగా చేరినోళ్లు అడుగుతున్నారు. మేము అంటే మా రూమ్. ఆరుగురం. రాసేది ఒక్కడు, సైట్ మీద సూపర్‌వైజర్, పదో తరగతి చదివినోడు. విని, తప్పులు పట్టి, "ఇది తీసెయ్, ఇది పెట్టు" అనేది మిగతా ఐదుగురు. అందుకే మేము.

2025 మే 28న గూగీ వా థియాంగో అనే కెన్యా రచయిత అమెరికాలో చనిపోయాడు. ఆయన వయసు 87. మర్నాడు పొద్దున మా సైట్ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసే కెన్యా తమ్ముడు మొహం చిన్నబుచ్చుకుని కూచున్నాడు. ఇంట్లో ఎవరికన్నా ఏమన్నా అయిందా అని అడిగాం. "మా ఊరి దిక్కు పెద్దమనిషి పోయిండు. నాటకం రాసినందుకు ఆయన్ని జైల్లో పెట్టిండ్రు" అన్నాడు. అతనిది లిమూరు దగ్గర ఊరు, గూగీదీ అదే.

నాటకం రాస్తే జైలేంది అని రూమ్‌కి వచ్చాక ఫోన్లో వెతికాం. వెతికితే ఇంకో సంగతి బయటపడింది. అదే గూగీ పుస్తకాన్ని మన వరంగల్ జిల్లా కవి కూడా జైల్లో కూచునే తెలుగులోకి తెచ్చాడు. ఆనాటి నుంచి రోజూ పొద్దున గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆ తమ్మునితోని ఇదే ముచ్చట. రాత్రి రూమ్‌లో చదవడం, వినడం. అట్ల తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ నాటకం సంగతి.

నైరోబి పట్నం పక్కన లిమూరు. చలి ఊరు, చుట్టూ తేయాకు తోటలు, ఒక బాటా చెప్పుల ఫ్యాక్టరీ. అక్కడ కమిరీథు అనే పల్లెలో యువజన కేంద్రం కోసం ఉంచిన నాలుగెకరాల జాగా ఉండేది. 1977లో ఆ జాగాలో పడిపోయేటట్టున్న ఒక మట్టిగోడల కొట్టం తప్ప ఏం లేదు, మిగతాదంతా గడ్డి. ఆ కొట్టంలోనే పెద్దవాళ్లకు రాత్రిబడి. గూగీ అప్పటికే పేరున్న రచయిత, నైరోబి యూనివర్సిటీలో సాహిత్యం శాఖకు పెద్ద. ఇంగ్లీషులో నవలలు రాసేవాడు. ఊరివాళ్లు అడిగితే ఆయన, గూగీ వా మీరీ అనే ఇంకో ఆయన కలిసి ఊరి భాష గికుయులో నాటకం రాశారు. దాని పేరుకు అర్థం "నాకు ఇష్టమైనప్పుడు పెళ్లి చేసుకుంటా" అని.

కథ వింటే మనదే అనిపిస్తది. ఒక కైకిలి మనిషికి ఎకరంన్నర భూమి. ఆ పట్టా కాగితం ఆయనకు ప్రాణం, ఇంట్లో గోడకు పెట్టుకుంటాడు. పెద్దోళ్ల మాట నమ్మి చర్చిలో ఘనంగా పెళ్లి తంతు చేసుకోవడానికి ఆ పట్టా మీద బ్యాంకు అప్పు తెస్తాడు. అప్పు కట్టలేక భూమి పోతది. వీసా కోసం పట్టా పాసుబుక్కు కుదువ పెట్టి వచ్చినోళ్లు మన క్యాంపుల్లో ఎందరున్నరో లెక్క పెట్టుకోండి.

మాకు బాగా నచ్చింది ఆ నాటకశాల కట్టిన పద్ధతి. ఇంజినీరు లేడు, కాంట్రాక్టర్ లేడు. ఊరివాళ్లే ముందు నేల మీద అగ్గిపుల్లలు పేర్చి ప్లాను వేసుకున్నారు. తర్వాత చిన్న నమూనా చేశారు. ఆ నమూనా చూసుకుంటూ రెండు వేల మందికి పైగా కూచునే పైకప్పు లేని నాటకశాల కట్టారు. తోట కూలీలు, బాటా ఫ్యాక్టరీ కార్మికులు, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడోళ్లు, వీళ్లే నటులు. రిహార్సల్ అందరి ముందే. "రైతు కూలీ ఇట్ల మాట్లాడడు, ఇట్ల మాట్లాడతడు" అని చూసేవాళ్లే మాటలు దిద్దేవాళ్లు.

1977 అక్టోబర్ 2న నాటకం మొదలైంది. దూరం ఊర్ల నుంచి బస్సులు మాట్లాడుకుని జనం వచ్చారు. నవంబర్ 16న సర్కారు లైసెన్సు రద్దు చేసింది. డిసెంబర్ 30-31 మధ్య అర్ధరాత్రి పోలీసులు గూగీ ఇంటికి వచ్చి తీసుకుపోయారు. కేసు లేదు, కోర్టు లేదు, ఎన్నేళ్లో చెప్పలేదు. ప్రజా భద్రత పేరుతో ఉన్న చట్టం కింద ఎవరినైనా విచారణ లేకుండా లోపల పెట్టొచ్చు. కమిటి అనే పెద్ద జైలుకు పంపారు. అక్కడ ఆయన పేరు పోయింది, నంబర్ వచ్చింది. K6,77.

ఇంగ్లీషులో అన్ని నవలలు రాసినప్పుడు ఆయన్ని జైల్లో వెయ్యలేదు. కూలోళ్ల భాషలో, కూలోళ్లతోని ఒక నాటకం ఆడిస్తే వేశారు. ఈ సంగతి గూగీ కూడా లోపల కూచుని ఆలోచించాడు. ఇగ నుంచి నవలలు గికుయులోనే రాస్తా అనుకున్నాడు. కాగితం ఇవ్వలేదు. అక్కడ టాయిలెట్ కాగితం గరుకుగా గట్టిగా ఉండేది. దాని మీద నవల రాయడం మొదలుపెట్టాడు. ఒక రోజు తనిఖీలో మొత్తం కట్టలు గుంజుకుపోయారు. మూడు వారాలకు ఒక కొత్త అధికారి వాపస్ ఇచ్చాడు. ఇంటివాళ్లను చూడాలన్నా, పన్ను నొప్పికి డాక్టర్ దగ్గరికి పోవాలన్నా గొలుసులు వేసుకోవాలి అన్నారు. నేనేం నేరం చేశానని గొలుసులు, అని ఆయన ఒప్పుకోలేదు. ఆయన లోపల ఉండగానే ఇంట్లో బిడ్డ పుట్టింది. ఊరివాళ్లు ఆ పాపను "జనం బిడ్డ" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. తండ్రి ఆ పాపను చూసింది ఫోటోలోనే. ఫోన్లో బిడ్డల మొహాలు చూసే మనకు ఇది వివరంగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఇంకో సంగతి చెప్పాలి. గూగీని జైల్లో పెట్టిన రాష్ట్రపతి జోమో కెన్యాట్టా ఎవరు? ఆయన కూడా రచయితే. 1938లో తన గికుయు జాతి మీద పుస్తకం రాశాడు. 1952లో తెల్లదొరలు ఆయన్ని అరెస్టు చేసి, 1953లో ఏడేళ్ల శిక్ష వేశారు. ఆ కేసులో వాదించే లాయర్ల జట్టులోకి మన దేశం నుంచి దివాన్ చమన్‌లాల్ కూడా వెళ్లారు. 1958లో ఒగింగా ఒడింగా అనే నాయకుడు తెల్లోళ్ల చట్టసభలోనే లేచి, మా అసలు నాయకుడు జైల్లో ఉన్న కెన్యాట్టానే అన్నాడు. అప్పట్లో ఆ పేరు ఎత్తడానికే భయం. ఆ తర్వాత ఊరూరా "స్వాతంత్ర్యం, కెన్యాట్టా విడుదల" అనే ఒకే మాట. 1961లో ఎన్నికలు గెలిచిన కాను పార్టీ, కెన్యాట్టాను వదిలేదాకా సర్కారు ఏర్పాటు చెయ్యం అని కూచుంది. ఆ ఆగస్టులో వదిలారు.

జనం నోట్లో పేరు నానితేనే జైలు తలుపు తెరుచుకుంటదని కెన్యాట్టా కన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆ దేశంలో ఉండడు. గద్దె ఎక్కాక ఆయన సర్కారే రచయితలను లోపల వేసింది.

గూగీ మొదటివాడు కూడా కాదు. మొంబాసా ఊరి కుర్రాడు అబ్దిలతీఫ్ అబ్దల్లా, స్వాహిలి కవి. "కెన్యా, మనం ఎటు పోతున్నం?" అని ఒక కరపత్రం రాశాడు. 1969లో జైలు. మూడేళ్లు, అదీ ఒంటరి గదిలో. ఈయన కూడా టాయిలెట్ కాగితం మీదే కవితలు రాసి దొంగతనంగా బయటికి పంపించాడు. 1973లో అవి పుస్తకంగా వచ్చాయి. 1974లో ఆ పుస్తకానికి దేశంలో పెద్ద సాహిత్య బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి పేరు జోమో కెన్యాట్టా బహుమతి. మేము ఇది చదివి రూమ్‌లో నవ్వుకున్నాం, కొంచెం సేపటికి నవ్వు రాలేదు.

గూగీ లోపల ఉన్నప్పుడు బయట ఏం జరిగింది?

1961 మే 28న లండన్ పేపర్‌లో పీటర్ బెనన్సన్ అనే లాయర్ ఒక వ్యాసం రాశాడు. ఏ దేశంలోనైనా సరే, తన్నకుండా చంపకుండా, కేవలం తన అభిప్రాయం చెప్పినందుకు లోపల ఉన్నవాళ్లను మర్చిపోవద్దు అని. ఆ వ్యాసంలో చెప్పిన ఖైదీలలో అంగోలా కవి అగస్టినో నేటో ఉన్నాడు. దాని నుంచే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పుట్టింది. దానికి ముందే, 1960లో, పెన్ అనే రచయితల సంఘం జైల్లో ఉన్న రచయితల కోసం ఒక కమిటీ పెట్టింది. ఇప్పటికీ ప్రతి నవంబర్ 15ను జైల్లో ఉన్న రచయితల రోజుగా చేస్తారు. మీటింగ్ పెట్టినప్పుడు స్టేజీ మీద ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతారు. రావలసినోడు రాలేదు, ఎందుకు రాలేదో అందరికీ తెలియాలని.

వీళ్ల పద్ధతి మన సైట్ పని లెక్కనే, పెద్దగా మాయ ఏం లేదు. ఒక ఊర్లో పది మంది కలిసి ఒక గుంపు. ఆ గుంపుకు ఖైదీల పేర్లు ఇస్తారు. మొదట్లో ఒక్కో గుంపుకు మూడు పేర్లు: ఒకటి పశ్చిమ దేశాల నుంచి, ఒకటి కమ్యూనిస్టు దేశాల నుంచి, ఒకటి మనలాంటి దేశాల నుంచి. ఒక పక్షానికే పనిచేస్తున్నారు అనే మాట రాకూడదని. సొంత దేశం ఖైదీ పేరు తీసుకోరు. ఇగ ఆ గుంపు పని ఉత్తరాలు రాయడం. రాష్ట్రపతికి ఒకటి, మంత్రికి ఒకటి, జైలు అధికారికి ఒకటి, ఇంటివాళ్లకు ఒకటి. తిట్లు ఉండవు. "అయ్యా, ఫలానా మనిషి మీ జైల్లో ఉన్నాడు, ఏ నేరానికి? విచారణ జరపండి, లేకుంటే వదలండి" అంతే. ఒక టీచరమ్మ, ఒక గుమాస్తా, ఒక నర్సు. జీవితంలో కెన్యా చూడనివాళ్లు. వారం వారం ఉత్తరం.

గూగీ పేరు కూడా ఆమ్నెస్టీ అట్లనే తీసుకుంది. మనస్సాక్షి ఖైదీ అని ప్రకటించింది. బయటి దేశాల రచయితలు, చదువుకున్నవాళ్లు అడగడం మొదలుపెట్టారు. 1978 ఆగస్టు 22న కెన్యాట్టా చనిపోయాడు. కొత్తగా వచ్చిన డేనియల్ అరాప్ మోయ్ స్వాతంత్ర్య దినం నాడు, 1978 డిసెంబర్ 12న, రాజకీయ ఖైదీలందరినీ వదిలేశాడు. గూగీ ఇంటికి వచ్చాడు.

ఉత్తరాల వల్లనే వదిలారా అంటే, మేము అట్ల అనం. రాజు మారాడు, కొత్త రాజు మంచి పేరు కావాలనుకున్నాడు. కానీ కొత్త రాజుకు మంచి పేరు కావాలంటే ఎవరిని వదలాలో తెలియాలి గదా. బయట అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ లిస్టు అందరి కళ్ల ముందు ఉంది.

గూగీకి ఉద్యోగం మాత్రం తిరిగి ఇవ్వలేదు. యూనివర్సిటీ ఉద్యోగుల యూనియన్ అడిగింది. 1980లో ఆ యూనియన్‌నే నిషేధించారు. అదే ఏడు ఆ టాయిలెట్ కాగితం నవల అచ్చయింది. చదువు రానివాళ్ల కోసం ఇళ్లల్లో, బస్సుల్లో, కల్లు దుకాణం లాంటి బార్లలో ఒకరు గట్టిగా చదివితే మిగతావాళ్లు వినేవాళ్లట. బార్లో చదివేవాడు మంచి పట్టు దగ్గర ఆపి గ్లాసు ఖాళీ అయిందని చూపిస్తే, వినేవాళ్లు ఇంకో గ్లాసు పోయించేవాళ్లట. మా కెన్యా తమ్ముడు ఈ ముచ్చట చెప్తూ ఎంత నవ్విండో.

1982లో మళ్లీ చీకటి. మార్చి 12న మూడు లారీల పోలీసులు కమిరీథుకు వచ్చి ఆ నాటకశాలను నేలమట్టం చేశారు. అగ్గిపుల్లలతో ప్లాను వేసుకుని కట్టిన నాటకశాల! కట్టడం తెలిసినోడికే కూల్చడం చూస్తే ఎట్లుంటదో తెలుస్తది. జూన్‌లో ఒకే పార్టీ ఉండాలని చట్టం మార్చారు. ఆ నెలలోనే మైనా వా కిన్యాట్టి అనే చరిత్ర మాస్టారును పట్టుకుపోయారు. తెల్లోళ్ల మీద కొట్లాడిన మావ్ మావ్ వీరుల పాటలు ఊరూరా తిరిగి పోగుచేసినాయన. నిషేధించిన కాగితం దగ్గర ఉందని ఆరేళ్ల శిక్ష. గూగీ అప్పుడు పుస్తకం పని మీద లండన్‌లో ఉన్నాడు. తిరిగి వస్తే పట్టుకుంటారని కబురు అందింది. ఆగిపోయాడు. ఆగినోడు 22 ఏళ్లు, 2004 దాకా, సొంత దేశంలో అడుగు పెట్టలేదు. అంటే ఆయన కూడా వలస మనిషి అయిండు.

లండన్‌లో ఊరికే కూచోలేదు. 1982లోనే కెన్యా రాజకీయ ఖైదీల విడుదల కోసం ఒక కమిటీ పెట్టారు. దానికి అధ్యక్షుడు కెన్యా మనిషి కాదు. జాన్ లా రోజ్, ట్రినిడాడ్ దీవి నుంచి వలస వచ్చినాయన, అక్కడ కార్మిక ఉద్యమంలో తిరిగినాయన, లండన్‌లో ఒక చిన్న పుస్తకాల దుకాణం నడిపేవాడు. కమిటీలో మొంబాసా కవి అబ్దిలతీఫ్ కూడా ఉన్నాడు. తను మూడేళ్లు ఒంటరిగా ఉండి వచ్చి, ఇప్పుడు లోపల ఉన్నవాళ్ల కోసం పనిచేశాడు. ఇంకా చదువుకోవడానికి, పని చేసుకోవడానికి వచ్చిన కెన్యా పిల్లలు. పగలు సొంత పని, సాయంత్రం కమిటీ పని. పేర్లు రాసుకోవడం, చిన్న పుస్తకాలు అచ్చువెయ్యడం, పేపర్లకు రాయడం, అట్ట ముక్కల మీద పేర్లు రాసి పట్టుకుని నిలబడడం. మైనా వా కిన్యాట్టి 1988లో బయటికి వచ్చాడు. ఆరేళ్ల పాటు ఆ పేరును వాళ్లు చల్లారనియ్యలేదు.

ఆ రోజుల్లోనే నైరోబి నడిబొడ్డున న్యాయో హౌస్ అనే ఇరవై ఏడు అంతస్తుల సర్కారు బిల్డింగ్ లేచింది. పైన ఆఫీసులు. కింద బేస్‌మెంట్‌లో కిటికీ లేని చిన్న చిన్న గదులు. 1980లలో అనుమానం వచ్చినోళ్లను ఆ గదుల్లో పెట్టి, నీళ్లు నింపి, రోజుల తరబడి నిలబెట్టేవాళ్లు. పైన జనం లైన్‌లో నిలబడి కాగితాల పని చేసుకుని పోయేవాళ్లు, కింద ఇది. ఇది చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ గోడలకు కూడా మనలాంటి మేస్త్రీనే షట్టరింగ్ కట్టి ఉంటడు, కాంక్రీటు పోసి ఉంటడు. స్టోర్ రూమ్ అని చెప్పి ఉంటరు. మనకు డ్రాయింగ్ ఇస్తరు, కొలతలు ఇస్తరు. గది ఎందుకో చెప్పరు.

ఇగ ఈ చరిత్రలో మాకు అన్నిటికన్నా పెద్దది అనిపించిన సంగతి.

కోయిగి వా వామ్‌వేరే అని ఒకాయన. రచయిత, ఎంపీగా కూడా గెలిచాడు. 1978లో గూగీతో పాటు కమిటి జైల్లో ఉన్నాడు. తర్వాత నార్వే దేశంలో తలదాచుకున్నాడు. 1990లో పట్టుకుని రాజద్రోహం కేసు పెట్టారు, దానికి ఉరిశిక్ష. నార్వే అడిగితే, కెన్యా ఆ దేశంతో దౌత్య సంబంధాలే తెంచేసుకుంది. పెద్ద పెద్ద రాజ్యాల మాటకే విలువ లేదు. మరి ఎవరు వదిలించారు?

తల్లులు. 1992 ఫిబ్రవరి 28న కోయిగి తల్లి మోనికా వామ్‌వేరే, ఇంకా కొందరు ముసలి తల్లులు, నైరోబిలోని ఉహూరు పార్కులో ఒక మూలన దుప్పట్లు పరుచుకుని నిరాహార దీక్షకు కూచున్నారు. పల్లెటూరి ఆడవాళ్లు. వాళ్లకు తోడు చెట్లు నాటే ఉద్యమం నడిపిన వంగారి మాతాయి. లోపల 52 మంది ఉన్నారు, మా బిడ్డలను వదలండి, అంతే వాళ్ల మాట. మెల్లమెల్లగా జనం పోగయ్యారు. మార్చి 3న పోలీసులు వచ్చి బాష్పవాయువు వదిలి లాఠీలతో కొట్టారు. మాతాయి స్పృహ తప్పింది. అప్పుడు కొందరు తల్లులు పోలీసుల ముందు బట్టలు విప్పి నిలబడ్డారు. వాళ్ల ఆచారంలో తల్లి వయసు ఆడమనిషి అట్ల నిలబడితే అది శాపం. పోలీసులు మొహాలు తిప్పుకున్నారు.

పార్కు నుంచి తరిమితే పక్కనే ఉన్న ఆల్ సెయింట్స్ చర్చికి పోయారు. చర్చి కింది గదిలో చోటు దొరికింది. రెండు రోజులు ఉంటారనుకుంటే దాదాపు ఏడాది ఉన్నారు. కొందరి బిడ్డలు బయటికి వచ్చినా మిగతా తల్లుల కోసం అక్కడే ఉన్నారు. 1993 మొదట్లో కోయిగి బయటికి వచ్చాడు. 52 మందిలో ఒక్కరు తప్ప అందరూ వచ్చారు. ఆ పార్కు మూలను ఇప్పటికీ ఫ్రీడమ్ కార్నర్ అంటారు. మాతాయికి 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఇప్పుడు మన దిక్కు వద్దాం. మన వరవరరావు గారు 1985 నుంచి 1989 దాకా జైల్లో ఉన్నప్పుడు గూగీ టాయిలెట్ కాగితం నవలను "మట్టికాళ్ల మహారాక్షసి" అని తెలుగు చేశారు. గూగీ జైలు డైరీని "బందీ" అని తెచ్చారు. ఆయన జైలు ఉత్తరాలు ఇంగ్లీషులో పుస్తకంగా వస్తే దానికి ముందుమాట గూగీ రాశాడు. కమిటి జైలు కాగితం సికింద్రాబాద్ దాకా నడిచి వచ్చినట్టే గదా. 2018లో వరవరరావు గారిని భీమా కోరెగావ్ కేసులో మళ్లీ అరెస్టు చేశారు. 2020లో కరోనా అప్పుడు లోపలనే జబ్బు పడ్డారు. ఇంటివాళ్లు ప్రెస్ ముందుకు వచ్చారు, దేశం లోపలా బయటా రచయితలు ఉత్తరాలు రాశారు. 2021 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఆరోగ్యం చూసి బెయిల్ ఇచ్చాయి. ఆయన రాజకీయం మా రూమ్‌లో ఇద్దరికి నచ్చుతది, నలుగురికి నచ్చదు. కానీ ఎనభై ఏళ్ల ముసలాయన విచారణ తేలకుండా జైలు మంచం మీద పోవద్దు అనే దానికి ఆరుగురం ఒక్కటే.

అన్నిసార్లు గెలవరు, అది కూడా రాయాలి. నైజీరియా రచయిత కెన్ సారో వివా కోసం ప్రపంచమంతా అడిగింది. అయినా 1995 నవంబర్ 10న ఎనిమిది మందితో కలిపి ఉరి తీశారు. మన అమలాపురం బిడ్డ, చక్రాల కుర్చీలో ఉండే ప్రొఫెసర్ సాయిబాబా గారిని 2024 మార్చిలో హైకోర్టు నిర్దోషి అని వదిలింది. అదే అక్టోబర్ 12న హైదరాబాద్ ఆసుపత్రిలో పోయారు. 2020లో ఆయన తల్లి చనిపోతే ఆఖరి చూపుకు కూడా పంపలేదు. తల్లి పోతే టికెట్ దొరక్క వీడియో కాల్‌లో దహనం చూసినోళ్లు మాలో ఇద్దరున్నరు. ఆ బాధ మాకు తెలుసు. ఆయనకు ఆ వీడియో కాల్ కూడా లేదు.

ఇక చివరి పేరు. మాల్కం బిదాలి. కెన్యా మనిషే, ఖతార్‌లో సెక్యూరిటీ గార్డు, అంటే మన గేటు తమ్ముడి లాంటోడు. రూమ్ ఎట్లుంటది, డ్యూటీ ఎన్ని గంటలు, అని "నోవా" అనే మారుపేరుతో రాసేవాడు. 2021 మే 4న రాత్రి క్యాంపు నుంచి తీసుకుపోయారు. దాదాపు నెల రోజులు ఒంటరి గదిలో ఉంచారు. వలస కార్మికుల హక్కుల సంఘాలు, ఆమ్నెస్టీ, అక్కడి విద్యార్థులు కొందరు, ఆ పేరు పట్టుకుని ప్రతి రోజూ అడిగారు. నెలకు బయటికి వదిలారు. జూలైలో 25,000 రియాల్ జరిమానా వేశారు. ఆగస్టులో దేశం దాటాడు. రచయిత అంటే యూనివర్సిటీ పెద్దమనిషే కానక్కర్లేదు. మూడంచెల మంచం మీద కూచుని ఫోన్లో రాసినోడు కూడా రచయితే.

ఇంతదూరం ఎందుకు రాసినమో ఇప్పుడు చెప్తాం.

మూడేళ్ల కింద మేము వేరే క్యాంపులో ఉన్నప్పుడు మూడు నెలలు జీతం ఆగింది. అందరం లోపల్లోపల గొణుక్కున్నాం. ఒక తమ్ముడు మాత్రం కాగితం మీద ఎవరికి ఎంత రావాలో లెక్క రాసి, మెస్సు గోడకు అతికించిండు. తప్పు మాట ఒక్కటి లేదు, ఉత్త లెక్క. తెల్లారి ఆఫీసుకు పిలిచారు. నాలుగో రోజు టికెట్ చేతుల పెట్టి ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కించారు. జీతం మాకు తర్వాత వచ్చింది, అతనికి రాలేదు. ఆ నాలుగు రోజులు మేము అతని పేరు కూడా ఎత్తలే. బస్సు పోతుంటే కిటికీ నుంచి చూసినం. తర్వాత ఫోన్ కూడా చెయ్యలే. సిగ్గు, భయం, రెండూ.

ఈ పోస్టు చదివి ఇక్కడ జెండాలు పట్టుకోండి అని మేము చెప్పం. మనం ఉన్నది పరాయి గడ్డ, ఇక్కడి చట్టం వేరు, మన మీద ఇంట్ల పది నోళ్లు బతుకుతున్నయి. కానీ ఆ టీచరమ్మ, ఆ పార్కు తల్లులు, ఆ పుస్తకాల దుకాణం మనిషి చేసింది జెండా పని కాదు. పేరు రాసి పెట్టుకున్నారు, నిజం ఎంతో అంతే చెప్పారు, ఇంటివాళ్లకు తోడున్నారు, అలిసిపోలేదు. ఇందులో మనకు చేతగానిది ఏముంది? క్యాంపులో ఎవరినైనా తీసుకుపోతే పేరు, పాస్‌పోర్టు నంబర్, తేదీ రాసి పెట్టుకోండి. ఇంటికి కబురు చేయండి. ఎంబసీకి అర్జీ పెట్టండి, జవాబు రాకపోతే మళ్లీ పెట్టండి. 

పోయిన శుక్రవారం మేము ఆరుగురం స్పీకర్ పెట్టి ఆ తమ్మునికి ఫోన్ చేసినం. ఇప్పుడు ఊర్ల ఆటో నడుపుతుండు. మూడేళ్ల తర్వాత ఎందుకు చేసినరన్నా అని అడిగిండు. మాకు మాట రాలే. ఆ లెక్క కాగితం ఫోటో మాలో ఒకని ఫోన్ల ఇంకా ఉంది. అది పంపిస్తే, అతను చానాసేపు ఏం మాట్లాడలే. రావలసిన జీతం కోసం ఇప్పుడు అర్జీ రాస్తున్నాం, మా ఆరు సంతకాలతోని.

 మీ క్యాంపుల్లో ఇట్ల పోయినోళ్లు ఉంటే వాళ్లకు ఈ రోజు ఒక ఫోన్ చేయండి.